జెండా పట్టినవాడు, మూట మోసినవాడు



కిలిమంజారో అనే పేరు ఒకప్పుడు మన పల్లెల్లో బడిపంతుళ్లకు తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు అలా కాదు. కాలేజీ కుర్రవాడో, గురుకులంలో చదివే ఆడపిల్లో ఆ కొండ మీద జెండా పట్టుకుని నిలబడిన ఫొటో జిల్లా పేపర్లలో అప్పుడప్పుడూ కనబడుతూనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. 2016లో కిలిమంజారో ఎక్కింది. ఆ గిరిజన బిడ్డను చూసి సంక్షేమ గురుకులాల పిల్లలు ఎందరో కొండల వైపు కళ్లెత్తారు. మాకు అది సంతోషమే. ఊరి చివర తండాలో పుట్టిన పిల్ల ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తైన చోట నిలబడిందంటే ఎవరికి సంతోషం ఉండదు?

అయితే ఆ ఫొటో చూసిన ప్రతిసారీ మేము అందులో ఒక మనిషి కోసం వెదుకుతాం. అతడు కనబడడు. కనబడకపోవడానికి కారణం ఉంది. ఆ ఫొటో తీసే సమయానికి అతడు పన్నెండు వందల మీటర్ల కింద, ఒక రేకుల వసారాలోనో గుడారం పక్కనో టీ నీళ్లు కాస్తూ ఉంటాడు.

మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం. కిలిమంజారోను ఎవరూ ఒంటరిగా ఎక్కరు. ఎక్కడానికి అక్కడి నియమమే ఒప్పుకోదు. 1991 నుంచి లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారా, గైడు వెంట ఉంటేనే కొండ మీదికి పంపుతారు. గైడు వెనక వంటవాడు, వంటవాడి వెనక సామాను మోసేవారు. అటువంటప్పుడు చందా ఇచ్చే సంఘం గాని, దాత గాని, సన్మానం చేసే ఊరు గాని మొదట అడగవలసిన ప్రశ్న “ఎంత ఎత్తు?” అన్నది కాదు. “మోసినవారికి ఎంత ఇచ్చారు?” అన్నది. ఈ రెండో ప్రశ్న అడగకుండా చందా పుస్తకంలో సంతకం పెట్టకూడదని మా మాట.

మేము ఆ కొండ ఎక్కినవారం కాము. మా మోకాళ్లకు మా ఊరి గుట్టే ఎక్కువ. కాని ఈ మాట చెప్పడానికి కొండ ఎక్కనక్కరలేదు, కూలి అంటే ఏమిటో తెలిస్తే చాలు. మా చదువరుల్లో చాలామందికి అది మాకంటే బాగా తెలుసు.

ముందు ఆ కొండ సంగతి. టాంజానియా దేశంలో, కెన్యా సరిహద్దు దగ్గర ఉంది. అగ్నిపర్వతం. కిబో, మవెంజి, షిరా అని మూడు శిఖరాలు. వాటిలో కిబో అంచున ఉన్న ఉహూరు శిఖరం 5,895 మీటర్లు. ఎంత ఎత్తో అర్థం కావాలంటే ఇలా చూడండి. మన తూర్పు కనుమల్లో అరకు, పాడేరు వైపు ఉన్న అతి ఎత్తైన కొండ 1,700 మీటర్లు కూడా లేదు. కిలిమంజారోకు మరంగు దారిలో నడక మొదలుపెట్టే గేటే 1,800 మీటర్ల పైన ఉంటుంది. అంటే మన ఎత్తంతా అయిపోయిన తరువాత అక్కడ మొదటి అడుగు.

తాళ్లు కట్టి, మంచుగొడ్డలి పట్టి ఎక్కే కొండ కాదది. నడిచే దారే. అందుకే ఎవరైనా ఎక్కవచ్చుననే ధైర్యం వస్తుంది. కాని గాలి పలచబడుతుంది. శిఖరం మీద ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే. కరోనా రోజుల్లో మన వేళ్లకు పెట్టిన ఆక్సీమీటరు గుర్తుందా? 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తమన్నారు. అక్కడ పై మజిలీల్లో 80కి అటూ ఇటూగా చూపించడం మామూలు. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. కొందరికి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది. అది ప్రాణం మీదికి వస్తుంది. దానికి అసలైన వైద్యం వెంటనే కిందికి దింపడమే. అందుకే అక్కడి గైడ్లు పొద్దున లేచింది మొదలు “పోలె పోలె” అంటూ ఉంటారట. స్వాహిలీలో నెమ్మది, నెమ్మది అని.

ఇక మోసేవారి సంగతికి వస్తాం. మేము చెప్పదలచిన విషయం ఇక్కడే ఉంది గనుక కొంచెం ఓపిక పట్టండి.

వారిని ఆ భాషలో వపగాజి అంటారు. మనం హమాలీలు అంటామే, అలాంటివారు. మోషి పట్టణం నుంచీ కొండ దిగువ పల్లెల నుంచీ వస్తారు. ఆ దిగువ ప్రాంతం చగ్గా జనులది. అరటి తోటలు, కాఫీ తోటలు, కొండ నీటిని పొలాలకు మళ్లించే పాతకాలపు కాలువలు ఉన్న నేల. పొలం ముక్కలైపోయి, చదువు మధ్యలో ఆగిపోయిన యువకులకు కొండ పని ఒక దారి. ఈమధ్య స్త్రీలు కూడా కొందరు ఈ పనిలోకి వస్తున్నారు.

ఒక్కొక్కరు మోసే సామాను బరువుకు హద్దు 20 కిలోలు. మనం రేషను షాపు పక్కన కొనే పాతిక కిలోల బియ్యం బస్తాకు కొంచెం తక్కువ. దాని మీద అతని సొంత దుప్పటి, బట్టలు అదనం. ఆ మూటను చాలామంది తల మీదో మెడ మీదో పెట్టుకుని నడుస్తారు. ఎక్కేవారి వీపు మీద మాత్రం నీళ్ల సీసా, వానకోటు, చిరుతిండి ఉన్న చిన్న సంచి.

ఉదయం మీరు టిఫిను చేసి బయలుదేరుతారు. మీరు వెళ్లాక వారు గుడారాలు విప్పి, గిన్నెలు కడిగి, మూటలు కట్టి బయలుదేరతారు. మధ్యాహ్నానికి మిమ్మల్ని దాటి ముందుకు పోతారు. దారి పక్కకు జరిగి వారికి తోవ ఇవ్వడం అక్కడి మర్యాద. సాయంత్రం మీరు ఆయాసపడుతూ మజిలీ చేరేసరికి గుడారం వేసి ఉంటుంది, వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి. మీరు ఒకసారి నడిచిన దారిని వారు మూటతో, మీకంటే ఆలస్యంగా బయలుదేరి, మీకంటే ముందుగా నడిచారన్నమాట.

నీళ్ల సంగతి ఒక్కటి చెప్తాం. మరంగు దారిలో మండారా, హొరొంబో, కిబో అని మూడు మజిలీలు. చివరిదైన కిబో 4,720 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీటి ఊట లేదు, వాగు లేదు. ఇసుక, బూడిద, రాళ్లు, అంతే. అక్కడ మీరు తాగే టీ, సూపు, అర్ధరాత్రి శిఖరానికి బయలుదేరేముందు సీసాలో నింపుకునే నీళ్లు, ఇవన్నీ కింద ఉన్న ఆఖరి నీటి తావు నుంచి ఒక మనిషి మోసుకొచ్చినవే. మన ఊళ్లలో వేసవిలో మూడు కిలోమీటర్ల దూరం నుంచి బిందె మోసిన తల్లులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. వారికి ఆ నీళ్ల విలువ తెలుసు.

అక్కడి మనుషులకు చలి అలవాటే, గాలి అలవాటే అని కొందరు తేలికగా అంటారు. ఇది సరికాదు. మోషి పట్టణం ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అక్కడ మనలాగే ఉక్కపోతలో పడుకునేవారు నాలుగు రోజుల్లో మంచు గడ్డకట్టే చోటికి వెళ్తారు. వారి ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవి కావు. కొండ జబ్బు వారికీ వస్తుంది. చలికి చనిపోయిన మోతగాళ్లూ ఉన్నారు. తేడా ఏమిటంటే ఎక్కడానికి వచ్చినవారికి దూది కోటు, మంచి బూట్లు, ఇన్సూరెన్సు ఉంటాయి. మోసేవారిలో చాలాకాలం పలచటి జెర్కిన్లు, అరిగిన చెప్పులే కనబడేవి. అందుకే 2003 నుంచి మోషిలో కిలిమంజారో పోర్టర్ల సహాయ సంస్థ ఒకటి పనిచేస్తున్నది. కొండ బట్టలు, బూట్లు వారికి ఉచితంగా అరువిస్తుంది. ఏ కంపెనీ కూలి సరిగా ఇస్తోంది, మూడు పూటలా తిండి పెడుతోంది, పడుకోవడానికి గుడారం ఇస్తోంది అని చూసి, పద్ధతిగా నడిచే కంపెనీల పేర్లు అందరికీ చెబుతుంది. ఇలాంటి సంస్థ ఒకటి పుట్టవలసి వచ్చిందంటేనే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మన విశ్వాసుల చరిత్రకు చెందిన సంగతి ఒకటి ఉంది. ఆ కొండ మీద మంచు ఉందని యూరపు వారికి మొదట రాసి పంపినది ఒక మిషనెరీ. పేరు యోహాన్ రెబ్‌మన్. జర్మనీ దేశస్థుడు, చర్చి మిషనెరీ సొసైటీ వారి తరఫున మొంబాసా దగ్గర రబాయిలో సేవ చేసేవాడు. 1848 మే 11న నడక మధ్యలో దూరాన కొండ మీద తెల్లగా ఏదో కనబడింది. ఇదేమిటని వెంట ఉన్న గైడును అడిగాడు. ఆయనకు మంచు అనే మాట తెలియదు గాని, అది చలి అని చెప్పాడు. రెబ్‌మన్ దానిని 1849లో అచ్చు వేయిస్తే లండన్‌లో భూగోళ పండితులు నవ్వారు. భూమధ్యరేఖ దగ్గర మంచేమిటి, జ్వరం వచ్చి కలగన్నాడేమో అన్న ధోరణిలో మాట్లాడారు. వారిలో విలియం కూలీ అనే పెద్దమనిషి ఆఫ్రికా తూర్పు దేశాల గుండా ఎన్నడూ నడిచినవాడు కాడు. పన్నెండు పదమూడేళ్ల తరువాత వాన్ డెర్ డెకెన్ అనే మరో జర్మను వెళ్లి చూసి, ఉన్నది మంచే అని తేల్చాడు.

ఈ సంగతి చెప్పేటప్పుడు అందరూ రెబ్‌మన్ ఓర్పు గురించి చెబుతారు. చెప్పవలసిందే. ఇరవై తొమ్మిదేళ్లు ఇంటికి వెళ్లకుండా ఆ దేశంలో ఉండి, చివరకు చూపు పోగొట్టుకున్నవాడు. మేము మాత్రం ఆ గైడు గురించి కూడా చెప్పాలంటాం. ఆయన పేరు బ్వానా ఖేరి. చలి అన్న ఆయన మాటే నిజమని తరువాత తేలింది. లండన్‌లో గ్రంథాలు తిరగేసినవారికి తెలియనిది దారి చూపినవానికి తెలుసు. రెబ్‌మన్ ఆయన పేరు రాసిపెట్టాడు గనుక మనం ఈరోజు పలకగలుగుతున్నాం.

తరువాతి కథ అంత మంచిగా లేదు. 1889 అక్టోబరు 6న హాన్స్ మేయరు, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ కిబో శిఖరం ఎక్కారు. మేయరుకు అది మూడో ప్రయత్నం. శిఖరానికి జర్మనీ చక్రవర్తి పేరు పెట్టి, ఒక రాయి తీసుకుపోయి ఆయనకు బహూకరించాడు. వారిద్దరూ పైన మంచులో మెట్లు తవ్వుతూ తిరిగిన రోజుల్లో, 4,000 మీటర్ల పైన ఉన్న గుడారంలో వారికోసం వండుతూ, కాపలా కాస్తూ ఉన్నవాడు పంగానికి చెందిన మ్వినీ అమాని. కింద మజిలీ నుంచి వారికి తిండీ కట్టెలూ మోసుకొచ్చినవారు ఇంకా కొందరు. పాఠ్యపుస్తకాల్లో మేయరు పేరు ఉంటుంది. మ్వినీ అమాని పేరు చూసినవారు మనలో ఎంతమంది? మరంగులో మాత్రం మొదటి గైడుగా యోహానీ కిన్యాలా లౌవో అనే తమ ఊరివాని పేరు చెప్పుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1961 డిసెంబరు 9న, అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి శిఖరం మీద జెండా నాటి దివిటీ వెలిగించాడు. చక్రవర్తి పేరు పోయి ఉహూరు అన్న పేరు వచ్చింది. ఉహూరు అంటే స్వేచ్ఛ.

(ఆ మంచు కూడా తగ్గిపోతున్నది. 1912లో ఉన్నదానిలో 80 శాతానికి పైగా కరిగిపోయింది. అది వేరే పెద్ద విషయం, ఇంకొకసారి రాస్తాం.)

ఇప్పుడు డబ్బు లెక్క. కిలిమంజారో జాతీయ పార్కుకు ప్రతి మనిషికి రోజుకు ఇంత అని డాలర్లలో రుసుము కట్టాలి. కొండ మీద ఉండే రాత్రికి ఇంత, ఆపదలో దించేందుకు ఇంత. ఇవి ఏ కంపెనీకైనా ఒకటే, బేరం లేదు. బియ్యం, కూరగాయలు, గ్యాసు, వాహనం, వీటిలో తగ్గించగలిగేది కొంచెమే. అటువంటప్పుడు ఒక కంపెనీ మిగతావారికంటే సగం ధరకు తీసుకెళ్తానంటే ఆ సగం ఎక్కడినుంచి వస్తుంది? రెండే చోట్ల నుంచి. ఒకటి రోజులు తగ్గించడం. ఆరు రోజుల్లో ఎక్కవలసినది ఐదు రోజుల్లో ముగిస్తే శరీరం అలవాటు పడే రోజు పోతుంది, జబ్బుపడేవారు ఎక్కువవుతారు, మోసేవారికి ఒక రోజు కూలి పోతుంది. రెండోది మోసేవారి కూలి, తిండి. నలుగురు మోయవలసినది ముగ్గురికి ఎత్తడం, మూడు పూటలు పెట్టవలసినది ఒక పూట పెట్టడం, కూలి ఇవ్వకుండా బక్షీసు మీదే బ్రతకమనడం. ఇవన్నీ ఆ కొండ మీద జరిగినవే, ఊహించి రాయడం లేదు.

మన దగ్గర చందాలు వసూలు చేసుకుని వెళ్లే పిల్లలు సహజంగానే తక్కువ ధర వెదుకుతారు. వారిని తప్పుపట్టలేం. పేదింటి బిడ్డ నాలుగు లక్షలు ఎక్కడ తెస్తాడు? కాని పేదవాని ప్రయాణపు ఖర్చు మరో పేదవాని కడుపు మీద పడకూడదు కదా. ఇక్కడ బాధ్యత పిల్లవానిది కాదు, చందా ఇచ్చే పెద్దలది. యాభైవేలు తక్కువైతే ఒక నెల ఆగి మరికొంత పోగుచేయండి. లేదా మరుసటి ఏడాది పంపండి. కొండ ఎక్కడికీ పోదు.

అసలు వెళ్లకపోతే ఆ పని కూడా వారికి ఉండదు కదా అని ఒక సహోదరుడు వాదిస్తాడు. నిజమే. ఎవరూ వెళ్లవద్దని మేము అనడం లేదు. 2020లో కరోనా వల్ల ప్రయాణాలు ఆగినప్పుడు ఆ ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. వెళ్లండి. పంపండి. కాని పని ఇస్తున్నాం గనుక ఎంతిచ్చినా చాలు అనే మాట మన తాతలు దొర పొలంలో విన్నదే. కూలివాని కూలి పొద్దుగూకకముందే ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రం చెప్పింది. కూలివాడు పరదేశి అయినా సరే అని కూడా అక్కడే ఉంది. టాంజానియా మనిషి మనకు పరదేశి, మనం ఆయనకు పరదేశులం.

ఇంకొక విషయం, ప్రాణానికి సంబంధించినది. శిఖరానికి నడక అర్ధరాత్రి మొదలవుతుంది. తలకు లైటు కట్టుకుని, జారే కంకర మీద అటూ ఇటూ మలుపులు తిరుగుతూ ఆరేడు గంటలు. చలి సున్నాకు పది పదిహేను డిగ్రీలు కింద. ఆ చీకట్లో గైడు మీ నడక చూస్తూ ఉంటాడు. తూలుతున్నారా, మాట తడబడుతున్నదా, అడిగినదానికి జవాబు సరిగా ఇస్తున్నారా అని. ఏదో తేడా అనిపిస్తే వెనక్కి తిరగమంటాడు. అప్పుడు ఆ కుర్రవాని జేబులో ఏముంటుంది? దాతలు ఇచ్చిన జెండా. ఊరి పేరు రాసిన బ్యానరు. నేను పైకి వెళ్లకపోతే వారికి ముఖం ఎలా చూపించాలి అనే భయం. ఆ భయంతో తలనొప్పి దాచుకుంటాడు, వాంతి అయినా చెప్పడు, నేను బాగానే ఉన్నాను అంటాడు. చందా ఇచ్చిన మనమే ఆ భయం అతని సంచిలో పెట్టి పంపామన్నమాట. అందుచేత పంపేముందే నలుగురిలో చెప్పాలి. గైడు తిరగమన్న చోట తిరిగి వచ్చినా నీకు ఇదే పూలదండ, ఇదే సన్మానం అని. మాటవరసకు కాదు, మైకులో చెప్పాలి, తల్లిదండ్రుల ఎదుట చెప్పాలి. ఆ తరువాతే జెండా చేతికివ్వాలి.

కొండ ఎక్కే దృష్టాంతం ప్రసంగాల్లో తరచుగా వినబడుతుంది. ఒక్కడే బయలుదేరాడు, ఎదురుగాలిలో పోరాడాడు, శిఖరం చేరాడు అని. వినడానికి బాగుంటుంది. కాని కిలిమంజారో విషయంలో ఆ ఒక్కడు అనేవాడు లేడు. పదిమంది ఎక్కడానికి వెళ్తే వారి వెంట ముప్పైమందికి పైగా బయలుదేరతారు. దృష్టాంతం చెప్పదలచినవారు ఆ ముప్పైమందిని కూడా లెక్కలో పెట్టి చెప్పాలని మనవి.

వెళ్లదలచిన పిల్లలకూ, పంపదలచిన పెద్దలకూ కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాం. అడ్వాన్సు కట్టకముందే కంపెనీని అడగండి. పోర్టరుకు రోజుకూలి ఎంత, ఎప్పుడు చేతికిస్తారు, పూటకు ఏం పెడతారు, ఎక్కడ పడుకుంటారు, జబ్బుపడితే కిందికి ఎవరు తీసుకెళ్తారు అని. జవాబు కాగితం మీద తీసుకోండి. బయలుదేరే గేటు దగ్గర మూటలు తూస్తారు. అక్కడ నిలబడి చూడండి. గేటు దాటాక మళ్లీ మూట పెంచుతున్నారేమో కూడా గమనించండి. మొదటి సాయంత్రమే వారందరి పేర్లు అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆఖరి రోజున బక్షీసు ఇచ్చే ఆచారం ఉంది. మొత్తం ఒకరి చేతిలో పెట్టి పంచమంటే అందరికీ చేరుతుందన్న నమ్మకం లేదు. ఆ కాగితం చూసి, పేరు పిలిచి, ఎవరిది వారి చేతిలో పెట్టండి. మీ చలికోటు, బూట్లు తిరుగు ప్రయాణంలో బరువనిపిస్తే అక్కడే ఇచ్చిరండి. బూట్లు ఇచ్చేటప్పుడు సైజు అడిగి ఇవ్వండి.